చేతులు కట్టుకున్న రోజు

“ఆ కొస వేలాడుతోందే తల్లీ. లాండ్రీలో ఇస్త్రీ రోలరు పట్టుకుందంటే మెడకి ఉరే అవుతుంది. ముడి వేసుకున్నావా?”

కూతురు గోడకున్న చిన్న అద్దంలో చూసుకుంటూ తలగుడ్డను చెవుల వెనక్కి లాక్కుని, కొసను భుజం మీద అలాగే వదిలేసి, చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

“పోనీ పిన్నీసైనా పెట్టుకో. ఇదిగో, ఇక్కడ పెడుతున్నా.”

తల్లి తన ఏప్రన్ అంచుకు గుచ్చుకున్న పిన్నీసుల్లోంచి పెద్దదాన్ని ఏరి, బల్ల మీద కూతురి అన్నం డబ్బా పక్కన పెట్టింది. కూతురు డబ్బా తీసుకుంది, పిన్నీసు తీసుకోలేదు. వెళ్తున్నానని నోటితో చెప్పాల్సిన మాట తలుపుతో చెప్పి వెళ్ళింది.

తల్లి ఉలిక్కిపడి, తమాయించుకుని, గ్యాసు చూసింది. కట్టేసే ఉంది. అయినా వంగి గొట్టం దగ్గర వాసన చూసింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు, కిటికీ గడియ, నీళ్ళ పంపు. పిన్నీసు తీసి మళ్ళీ ఏప్రన్‌కు గుచ్చుకుంది. తాళం వేసి మెట్లు దిగి, సగంలో ఆగి, మళ్ళీ ఎక్కి తాళం లాగి చూసుకుంది. ఇదంతా అయ్యేసరికి ఆయాసం వచ్చింది. ఈమధ్య మెట్లెక్కితే ఎడమ రొమ్ము కింద ఎవరో గుప్పిట బిగించినట్టు ఉంటోంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, తనకు తానూ చెప్పుకోలేదు. భయాలన్నీ ఎదుటివాళ్ళకోసం ఖర్చుపెట్టేసే మనిషి. తనకంటూ ఒక్కటీ దాచుకోలేదు.

లాండ్రీలో ఆమెను జాగ్రత్తమ్మ అంటారు. మొదట్లో చాటున అనేవాళ్ళు, తరవాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, ఇప్పుడు గేటు దగ్గర కాపలా ఉండేవాడు కూడా అదే పేరుతో పలకరిస్తాడు. జాగ్రత్త అన్న మాట తగలకుండా ఆమె వాక్యం పూర్తికాదు. వేడి నీళ్ళు, జాగ్రత్త. తడి నేల, జాగ్రత్త. దిండు గలేబులో ఆసుపత్రి వాళ్ళు సూది మర్చిపోయి ఉంటారు, జాగ్రత్త. ఇన్నేళ్ళలో ఏ గలేబులోనూ సూది రాలేదు. ఒక్కసారి మాత్రం తన ఉంగరం పడిపోయి రోలరులోకి పోయిందని మిషను ఆపించి, ఆవిరి చల్లారేదాకా అందరినీ నిలబెట్టి వెతికించింది. తీరా చూస్తే ఉంగరం ఆమె వేలికే ఉంది. ఆ కథ ఇప్పటికీ టీ వేళల్లో చెప్పుకుని నవ్వుతారు. ఏదీ జరగలేదు కాబట్టి ఆమె మాట వినక్కర్లేదని వాళ్ళ లెక్క. తాను చెప్పబట్టే ఏదీ జరగలేదని ఆమె లెక్క. రెండిట్లో ఏది నిజమో తేల్చడానికి దారి లేదు.

కూతురు ముందు నడుస్తోంది, తల్లి వెనక. వెళ్ళేది ఒకే చోటికి, ఒకే వేళకి. ఒకే ఇంట్లోంచి బయల్దేరిన ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్ళలా ఎడం పెట్టుకుని నడుస్తుంటే, పాల దుకాణం వాడికి మొదట్లో వింతగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది. రోడ్డు దాటే చోట కూతురు అటూ ఇటూ చూడకుండా దాటేస్తుంది. కావాలనే అలా దాటుతుందని తల్లికి తెలుసు. పిల్ల అవతలి గట్టుకి చేరాకే ఆమె కాలు ఇవతలి నుంచి కదులుతుంది.

ఈ మూగనోము వానాకాలంలో మొదలైంది. రోలరు దగ్గర పెద్దగా ఉండే ఆమె పని మానేసి వెళ్ళిపోతే, ఆ పని ఎవరికివ్వాలని అప్పటి మేనేజరు హాలుకి ఇన్‌చార్జి అయిన ఈమెనే అడిగాడు. “మీ అమ్మాయి బాగా చేస్తోంది కదా, ఏమంటారు?” ఇంకో తల్లి అయితే ఎగిరి గంతేసేది. ఈ తల్లి కళ్ళ ముందు మాత్రం కాలిన వేళ్ళు కనిపించాయి. “వద్దు సార్. దానికింకా నిదానం రాలేదు. చెయ్యి కాల్చుకుంటుంది,” అనేసింది. తలుపు అవతల ట్రాలీ పట్టుకుని నిలబడ్డ కూతురు అంతా వింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఒక్క మాటే అంది. “నువ్వు నన్ను కన్నావమ్మా. కొనుక్కోలేదు.” అంతే. ఆ తరవాత తల్లితో మాట లేదు.

అవసరం పడితే కూతురు గోడలతో మాట్లాడుతుంది. “ఈ ఇంట్లో ఉప్పు ఎక్కడ దాస్తారో,” అంటుంది అలమరతో. “నీ వెనకే ఉందమ్మా,” అంటుంది తల్లి. అలమరే చెప్పినట్టు కూతురు ఉప్పు తీసుకుంటుంది. నవ్వు రావలసిన విషయమే. తల్లికి మాత్రం రాత్రిళ్ళు దుప్పటి నోట్లో కుక్కుకోవలసి వచ్చేది.

ఆమె పుట్టుకతో పిరికిది కాదు. భర్త అదే లాండ్రీలో బాయిలరు దగ్గర పనిచేసినన్నాళ్ళూ బాయిలరు పేలుతుందనే భయం ఉండేది, పెళ్ళాలందరికీ ఉండేలాంటిదే. అది పేలలేదు. ఆయన మామూలు జ్వరంతో, ఇంట్లో, మంచం మీద, ఆమె వంటింట్లోకెళ్ళి గ్లాసు కడుక్కొచ్చేలోపు పోయాడు. అప్పటినుంచి ఆమెకొకటే పట్టుకుంది. చూస్తున్నంతసేపూ ఏమీ కాదు, చూపు తిప్పుకున్నప్పుడే అవుతుంది. అందుకని ఇక చూపు తిప్పుకోవడం మానేసింది.

అలా చూసేవాళ్ళకి బాగానే ఉంటుంది, చూడబడేవాళ్ళకే ఊపిరాడదు. హాల్లో పనిచేసేవాళ్ళలో పొడుగామె మడతపెట్టిన దుప్పటిని ఆమె విప్పి మళ్ళీ మడిచేది. నవ్వులామె రోలరు వేడి కాస్త తగ్గిద్దామంటే, “నాకు తెలుసులేమ్మా” అనేది. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు పని నేర్చుకోకుండా ఆమె మొహం చదవడం నేర్చుకునేవాళ్ళు. ఇదంతా నిజమే. ఆ ఆడవాళ్ళని తప్పుపట్టడానికి లేదు.

నిన్న సాయంత్రం మేనేజరు పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు. కొత్తగా వచ్చిన మనిషి, పెద్ద చదువులు చదువుకున్నాడు, గొంతు పెంచడు.

“మీరు చూస్తున్నంతసేపూ వాళ్ళు చేతులే వాడతారమ్మా, బుర్ర వాడరు. రేపు ఒక్కరోజు మీరు చేతులు కట్టుకుని కూర్చోండి. నోటితో చెప్పకూడదు, చేత్తో ముట్టకూడదు. వాళ్ళూ ప్రతిదానికీ మీ వైపు చూడకూడదని చెప్పేశాను. ఏ పని ఎవరు చెయ్యాలో వాళ్ళే తేల్చుకుంటారు.”

“ఏదైనా జరిగితే సార్?”

“ఇన్‌చార్జి మీరే కదా. జవాబు మీరే చెప్పాలి.”

“ఇష్టం వాళ్ళది, జవాబు నాది. మరి మధ్యలో నేనేం చెయ్యాలి సార్?”

“నమ్మాలి,” అన్నాడాయన.

బజారులో తూచి ఇచ్చే సరుకులా అన్నాడా మాట.

చేతులు కట్టుకునే రోజు ఆమెతో మొదలైంది కాదు. ఉతికే మిషన్ల దగ్గరి మీసాలాయన పోయినవారం ఇలాగే స్టూలెక్కాడు. టీ వేళ కూడా కాకముందే “ఒరేయ్, తలుపు తీస్తున్నావేంట్రా, నీళ్ళున్నాయి లోపల!” అని అరిచేశాడు. మర్నాటి నుంచి ఆయన కింద మూటల గదిలో ఉన్నాడు. నేలమాళిగ అది. ఆసుపత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ వచ్చిన మాసిన గుడ్డలు అక్కడ వేరు చేస్తారు. కిటికీ లేదు. ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. జాగ్రత్తమ్మకి వాసనతో పేచీ లేదు. ఆ గదిలోంచి రోలరు కనపడదు. ఆమె బెంగ అదే. రోజంతా కూతురు ఆ కాలే ఇనుము ముందు నిలబడి ఉంటే, ఆ నేల అడుగున తాను కూర్చుని, పైన ఏ చప్పుడైనా అదేనేమోనని చావాలి. మాట్లాడని కూతుర్ని చూసుకోవడానికి మిగిలింది ఆ హాలొక్కటే. ఒక్కరోజు నోరు కట్టేసుకుంటే ఆ హాలు మిగులుతుంది.

అందుకని కూర్చుంది.

ఇనప స్టూలు, గుండ్రటి పీట. మూలలో గోడకు ఆనించి వేశారు. ఒక పక్క ఉతికిన దుప్పట్ల బీరువా, ఇంకో పక్క కట్టలు కట్టిన తువ్వాళ్ళ గుట్ట. మధ్యలో ఆమె, అమ్మకానికి పెట్టిన వస్తువులా. ఎదురుగా హాలు నిడివంతా రోలరు. దాని నోట్లోకి ఇద్దరు తడి దుప్పటి కొసలు పట్టి అందిస్తారు, అవతల ఇద్దరు పొగలు కక్కుతున్న దుప్పటిని అందుకుని మడత బల్ల మీదికి లాగుతారు. ఆవిరికి కిటికీ అద్దాలు పాలు పోసినట్టు తెల్లబడి ఉంటాయి. మెట్ల మీద, పైన, గాజు గదిలో మేనేజరు. ఆయన కూర్చున్నాడో నిలబడ్డాడో తెలియదు గానీ నీడ కదులుతుంటుంది.

“పిన్నీ, కుదురుగా ఉందా? వీపుకి దిండేమైనా పెట్టమంటావా?” అంది నవ్వులామె, దిండు గలేబు ఒకటి ఊపుతూ.

“మాట్లాడించకే. పాపం, ఉద్యోగం పోతుంది,” అంది పొడుగామె.

“పందెం వేసుకుందామా? టీ దాకా ఆగదు.”

“ఇంటికెళ్ళే సైరను దాకా ఆగుతుంది. నేనోడిపోతే నీ వంతు నేల నేను తుడుస్తా.”

“తుడుపు గుడ్డ తడిపి ఉంచుకో అయితే!”

తన మీద పందెం వేసుకుంటుంటే కూర్చుని వినడం ఎలా ఉంటుందో ఆమెకు అంతవరకూ తెలియదు. చేతులు కట్టుకుంది. రోలరు ఎవరు చూసుకోవాలన్న మాట వచ్చింది. ఎప్పుడూ అయితే ఆమె చెప్పేది. ఇవాళ వాళ్ళలో వాళ్ళే గుసగుసలాడుకుని, కూతుర్ని ముందుకు తోశారు. “నువ్వు నిలబడవే. మీ అమ్మ చూస్తుండగా నిలబడు.” కూతురు మొహం ఒక్కసారి ఎర్రబడింది. వెళ్ళి రోలరు తల దగ్గర, మీట పక్కన, నిలబడింది.

జాగ్రత్తమ్మ గోళ్ళు ఆమె అరచేతుల్లోనే దిగాయి.

పొద్దున్నంతా ఆమె ఎదురుచూసింది. దేనికోసమంటే చెప్పలేదు. ఏదో జరగడం కోసం. జరగాలని కాదు, దేవుడా, కోరుకోవడం కాదు. జరుగుతుందని తెలిసి, ఒళ్ళంతా చెవులు చేసుకుని ఉండటం. తడి దుప్పటి ఒకటి వంకరగా వెళ్ళింది. జాగ్రత్త అన్న మాట ఆమె గొంతు దాకా వచ్చింది. అంతలో కూతురు మీట నొక్కి రోలరు ఆపింది, వెనక్కి తిప్పింది, దుప్పటి సర్దింది, మళ్ళీ వదిలింది. నవ్వులామె వేడి కాస్త తగ్గించి చూద్దామంది, కూతురు “చూద్దాం” అంది. చూశారు. పలచని దుప్పట్లు అంచులు ముడుచుకోకుండా వచ్చాయి. పొడుగామె కొత్తగా వచ్చిన ఇద్దరిని మడత బల్ల దగ్గర అటూ ఇటూ మార్చింది, వాళ్ళ చేతులు కుదిరాయి. మడతపెట్టిన దుప్పట్ల గుట్ట మామూలు రోజుకంటే ముందే నడుం ఎత్తుకి లేచింది.

ఏదీ జరగలేదు. అన్నిటికంటే ఎక్కువగా అదే ఆమెను భయపెట్టింది.

ఇన్నేళ్ళూ తాను భుజాన మోస్తున్నాననుకున్న పైకప్పు, తాను పక్కకి తప్పుకుంటే కూడా అలాగే నిలబడి ఉంది. అయితే తానేం మోసినట్టు? ఆ ఆలోచన దగ్గర ఆమె మనసు ఎక్కువసేపు నిలబడలేకపోయింది. మళ్ళీ కూతురి వేళ్ళ వైపు పరుగెత్తింది.

టీ వేళ అందరూ కప్పులు పట్టుకుని గుమిగూడారు. ఆమె కప్పు ఎవరో తెచ్చి మడత బల్ల మీద పెట్టి, అక్కడే మర్చిపోయారు. లేచి వెళ్ళి తెచ్చుకోవచ్చా? బల్ల ముట్టుకోకూడదు కదా. అడగొచ్చా? టీ అడిగితే మాట్లాడినట్టేనా? ఆ సంగతి నిన్న తేల్చుకోలేదు. ఇప్పుడు తేల్చుకోవాలంటే మాట్లాడాలి. పైన గాజు గదిలో నీడ కదిలింది. ఆమె ఊరుకుంది. టీ మీద మీగడ కట్టి, చల్లారి, ఒక ఈగ వచ్చి అంచు మీద తిరిగింది.

“టీ దాటింది. నేను గెలిచేట్టున్నా,” అంది పొడుగామె.

“అంతదాకా వస్తే ఊరుకుంటానా?” అంది నవ్వులామె.

ఆమె మొదలుపెట్టింది. తడి నేల మీద చెప్పులు ఈడుస్తూ జారుతున్నట్టు నటించింది. జాగ్రత్తమ్మ పెదవి కొరుక్కుంది. ట్రాలీని స్టూలు దాకా తోసుకొచ్చి, చివరి క్షణాన ఆపి, “అయ్యో పిన్నీ, కాలు పచ్చడయ్యేది!” అంది. నలుగురూ నవ్వారు. జాగ్రత్తమ్మ కాళ్ళు ముడుచుకుంది. చెప్పాలనుకుని చెప్పని మాటలు లోపల ఒకదాని మీదొకటి పేరుకుంటున్నట్టుంది. ఛాతీలో బరువు. నోటిదాకా వచ్చిన మాట మింగితే అరుగుతుందా, అడ్డం పడుతుంది. ఆ నొప్పి అదేననుకుంది. సైరను మోగాక అన్నీ ఒక్కసారి కక్కేస్తే తేలికవుతుందనుకుంది.

“పిన్నీ! నీ కూతురు చెయ్యి! చెయ్యి లోపలికి పోతోంది!”

నవ్వులామె కేక అది. జాగ్రత్తమ్మ స్టూలు మీంచి సగం లేచింది. నోరు తెరుచుకుంది, గొంతు రాలేదు. రోలరు దగ్గర కూతురు రెండు చేతులూ పైకెత్తి చూపిస్తోంది. పది వేళ్ళూ తెల్లగా, ఆవిరిలో, శుభ్రంగా.

హాలంతా పగలబడి నవ్వింది. నవ్వులామె కడుపు పట్టుకుని తువ్వాళ్ళ గుట్ట మీద వాలిపోయింది. కూతురు కూడా నవ్వింది. చిన్నప్పుడు నవ్వేటట్టే, ముందు ముక్కుతో, తరవాత నోటితో. వానాకాలం తరవాత తల్లి ఆ నవ్వు వినడం అదే. తనను చూసి నవ్విందని తెలిసి కూడా, ఆ పిచ్చి తల్లి ప్రాణం ఆ నవ్వు చివరిదాకా వింది.

మళ్ళీ కూర్చుంది. కూర్చోవడం కాదు, కూలబడటం. రొమ్ము కింద బిగిసిన గుప్పిట ఈసారి విప్పుకోలేదు. ఎడమ చేయి మోచేతి దాకా తనది కానట్టయింది. నుదుటి మీద చెమట పట్టింది. అందరికీ పట్టింది, అది లాండ్రీ. నీళ్ళు తాగితే బాగుండుననిపించింది. సైరనుకి ఇంకెంతోసేపు లేదు. అంతసేపు ఆగలేనా? పురిటి నొప్పులే ఓర్చుకుంది, ఇదెంత?

అప్పుడు చూసింది. ఇది ఆట కాదు. కూతురు మీట వైపు వంగినప్పుడు తలగుడ్డ కొస భుజం మీంచి జారింది. జారి, ముందుకు వేలాడింది. వంగిన ప్రతిసారీ ఆ కొస రోలరు నోటి దగ్గరకి వెళ్ళి వస్తోంది, నాకి చూస్తున్నట్టు.

అరవాలి. అరిస్తే మూటల గది. మూటల గదైనా సరే, అరవాలి. నిజంగానే అరవబోయింది. తరవాత ఎవరేమనుకున్నా, ఆ తల్లి పందెం కోసం నోరు మూసుకోలేదు. గొంతే రాలేదు. కుడి చేయి ఒక్కటి మిగిలింది. అది ఏప్రన్ అంచు తడుముకుని, పొద్దుటి పెద్ద పిన్నీసుని లాగి, బొటనవేలితో నోరు విప్పి, పైకెత్తింది. మెడ దగ్గర పెట్టుకుని చూపించింది. ఇక్కడ. ఇక్కడ గుచ్చుకో తల్లీ.

కూతురు చూసింది. పిన్నీసు చూసింది. ఇవాళ కూడా ఊరుకోలేకపోయిందన్నట్టు మొహం గట్టిపడింది. వీపు తిప్పేసుకుంది.

“చెయ్యెత్తింది! ఓడిపోయావు!” అంది నవ్వులామె.

“చెయ్యి లెక్కలోకి రాదు. నోరు తెరిచిందా?”

“చెయ్యెత్తినా చెప్పినట్టే కదే!”

“దేన్నీ ముట్టలేదుగా? మేనేజరు అన్నదేంటి, చెప్పకూడదు, ముట్టకూడదు. రెండూ చెయ్యలేదు. తుడుపు గుడ్డ నీదే.”

“అన్యాయమే ఇది! పిన్నీ, నువ్వే చెప్పు. చెప్పకు, చెప్పకు, ఊరికే అన్నా!”

వాళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు. పైకెత్తిన చేయి మెల్లగా కిందికి దిగి ఒళ్ళో వాలింది. తల వెనక్కి వెళ్ళి గోడకు ఆనుకుంది. ఒక పక్క బీరువా, ఒక పక్క తువ్వాళ్ళ గుట్ట ఆమెను పడనివ్వలేదు. కళ్ళు మూతపడలేదు. అవి కూతురి వైపే ఉన్నాయి. తిప్పుకోకూడదన్నది ఆమె పట్టుదల కదా. ఆ తరవాత ఆ స్టూలు మీద ఉన్నది జాగ్రత్తమ్మ కాదు, ఆమె కూర్చునే తీరు మాత్రమే.

హాల్లో పని సాగింది. బాగా సాగింది. దుప్పట్లు కాగితాల్లా వచ్చిపడుతున్నాయి.

కాసేపటికి కూతురు దుప్పటి సర్దబోయి వంగి, తలగుడ్డ కొసని తానే చూసుకుంది. వేడి నోటికి జానెడు దూరంలో ఉంది. ఒక్క అంగ వెనక్కి వేసింది. ఎవరూ చెప్పకుండానే, కొసను మెడ చుట్టూ తిప్పి, గట్టిగా ముడి వేసింది. వేసి, ఓరగా మూల వైపు చూసింది, చెప్పానా లేదా అన్న చూపు ఉంటుందని. లేదు. తల్లి తనవైపే చూస్తోంది, కానీ ఆ చూపులో చీవాట్లు లేవు, కంగారు లేదు, ఏమీ లేదు. జీవితంలో మొదటిసారి తల్లి ఆమెను చూసి ఏమీ అనకుండా ఊరుకుంది.

కూతురి భుజాలు దిగాయి. “ఇవాళ మా అమ్మ పరవాలేదే,” అంది పక్కనున్న పొడుగామెతో, గొంతు తగ్గించి. “ఇంటికెళ్ళేటప్పుడు కలిసి నడుస్తా.”

“మాట్లాడతావా?”

“చూద్దాం.”

సైరను మోగింది. పొడుగామె రెండు చేతులూ ఎత్తి గంతేసింది. నవ్వులామె తుడుపు గుడ్డ తెచ్చుకుని స్టూలు ముందు నేల మీద విసురుగా పడేసింది. “నీవల్లే పిన్నీ ఈ గతి. రేపట్నించీ నీ నోరు ఎంత తిరుగుతుందో చూస్తా.”

మేనేజరు మెట్లు దిగి వచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. మడతల గుట్టల మీద చెయ్యి వేసి చూశాడు. వచ్చి స్టూలు పక్కన నిలబడి, అందరికీ వినపడేలా, ఆమె వైపు చూడకుండా మాట్లాడాడు.

“చూశారా? ఒక్క మాట అనలేదు. ఒక్క వస్తువు ముట్టలేదు. పని ఆగిందా? పెరిగింది. ఇదమ్మా పెద్దరికం అంటే. పట్టుకోవడం అందరికీ వచ్చు, వదలడం రావాలి. నేనూ నమ్మలేదు, ఈవిడ చెయ్యగలదని. చప్పట్లు కొట్టండి.”

కొట్టారు. నవ్వులామె కూడా తడి చేతులతో కొట్టింది. కూతురు అందరికంటే కాస్త ఎక్కువసేపు కొట్టింది. చప్పట్లన్నీ ఆగిపోయాక ఆమెవి రెండు మిగిలి వినపడ్డాయి.

“ఇక మాట్లాడొచ్చమ్మా,” అన్నాడు మేనేజరు నవ్వుతూ.

ఆమె మాట్లాడలేదు.

“అలిగింది సార్,” అంది పొడుగామె.

“సైరను వినపడలేదేమో. పిన్నీ, అయిపోయింది! ఇంటికి!” నవ్వులామె తడి గుడ్డ వదిలేసి భుజం పట్టి ఊపింది. ఊపిన భుజం ఊగింది. తల కూడా దాంతోపాటే ఊగి, గోడ మీంచి పక్కకు జారి, తువ్వాళ్ళ మీద వాలింది. ఆ వాలడంలో మనిషి లేదు.

నవ్వులామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందులోంచి వచ్చిన చప్పుడు ముందు నవ్వులాగే ఉంది.

ఎవరో రోలరు ఆపారు. ఎవరో ఆసుపత్రికి ఫోను చెయ్యమన్నారు. పొడుగామె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, వేలిని కాల్చుకున్నట్టు వెనక్కి లాక్కుంది. “ఎప్పుడైంది? ఇప్పుడే కదా చెయ్యెత్తింది. ఇప్పుడే కదా?” అని అందర్నీ అడిగింది. ఎప్పుడో ఎవరికీ తెలియదు.

మేనేజరు ముఖంలో వెలుగు పోయి, దాని చోట ఏం పెట్టుకోవాలో తెలియక తడబడింది. “ఇంతమంది ఉన్నారు,” అన్నాడు. గొంతు పెరిగింది, మొదటిసారి. “కళ్ళ ముందు కూర్చుంది మనిషి. ఒక్కరూ చూసుకోలేదా? దీనికి జవాబెవరు చెప్తారు? పైవాళ్ళు నన్నడుగుతారు. ఎవరు చెప్తారు?”

చూడొద్దని చెప్పింది ఆయనే. ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. పందెం సంగతి అనడానికీ రాలేదు. పొద్దుటినుంచి ఇష్టం వాళ్ళదే, ఇప్పుడు జవాబు కూడా వాళ్ళదేనని తెలిసొచ్చి, అందరూ నేల చూస్తున్నారు. జవాబు చెప్పాల్సిన ఇన్‌చార్జి తువ్వాళ్ళ మీద తల వాల్చుకుని ఉంది. చల్లారుతున్న రోలరులో ఇనుము టిక్కు టిక్కుమంటోంది. ఆవిరి గొట్టంలోంచి నీళ్ళు కారుతున్నాయి.

కూతురు అందర్నీ తప్పించుకుని ముందుకొచ్చింది. మేనేజరు వైపు చూడలేదు. స్టూలు ముందు, తడి నేల మీద, మోకాళ్ళ మీద కూర్చుంది. తెరిచి ఉన్న ఆ కళ్ళకు అందేలా మెడ చాచి, ముడిని రెండు వేళ్ళతో పట్టుకుని చూపించింది.

“వేసుకున్నానమ్మా,” అంది.

దేని గురించి అంటోందో అక్కడెవరికీ అర్థం కాలేదు. తరవాత నలుగురు కలిసి ఆమెను ఎత్తి, ఉతికిన తెల్ల దుప్పటి ఒకటి పరిచిన ట్రాలీ మీద పడుకోబెట్టి, బయటికి తోసుకుపోయారు. హాల్లో ఇనప స్టూలు మిగిలింది. దాని మీద, ఇంకా కాస్త వెచ్చగా, ఆమె ఒళ్ళోంచి జారిన పెద్ద పిన్నీసు ఉంది, నోరు తెరుచుకుని.